లారీ ఎవరు తోలతారు?

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టు లెక్క ప్రకారం 'స్క్వాడ్' అనే యుద్ధం ఆటలో నాకు 840 గంటలు దాటాయి. అందులో తుపాకీ పేల్చింది ఎంతసేపు అని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్తున్నాను, ఓ ముప్పై గంటలుంటుందేమో. మిగతాదంతా నడక, పరుగు, లారీలో కూర్చోవడం, పారతో తవ్వడం, దెబ్బ తిని పడిపోయి మెడిక్ కోసం ఎదురు చూడటం, మైకులో "ఎవరైనా ఉన్నారా" అని పిలవడం. నా చిన్నప్పుడు నౌపడ నుంచి మా ఊరి మీదుగా గుణుపురం పోయే చిన్న గేజి రైలు ఉండేది. అది ఎక్కినవాడు దిగేదాకా ఏం చేసేవాడో ఈ ఆటలోనూ దాదాపు అదే. కిటికీలోంచి పొలాలు చూడటం, పక్కవాడితో కబుర్లు.

మాది పర్లాకిమిడి. సర్కారు కాగితాల మీద పారలాఖెముండి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. బస్టాండు దగ్గర నాకో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు ఉంది. పగలంతా ఒడియాలో ఫారాలు నింపుతాను, తెలుగులో వాటి అర్థం చెప్తాను, హిందీలో హెల్ప్‌లైన్ వాళ్లతో గొడవపడతాను. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి, ఇంటికెళ్లి అన్నం తిని, పదిన్నరకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. పెళ్లి కాలేదు, అందుకే ఈ సుఖం అని మా అక్క అంటుంది. సుఖమో కాదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

డిగ్రీ రోజుల్లో బరంపురం నెట్ సెంటర్లో గంటకి ఇంతని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లం. అక్కడ ఎవడి వేలు వేగంగా కదిలితే వాడే రాజు. నా వేలు ఎప్పుడూ అంత వేగం కాదు. 2021 చివర్లో స్టీమ్ సేల్‌లో 'స్క్వాడ్' కొన్నప్పుడు ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఇన్‌స్టాల్ అయ్యేసరికి రెండు రాత్రులు పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి, ఇన్వర్టర్ రూటర్ని మోసింది గానీ కంప్యూటర్ని మొయ్యలేకపోయింది. మూడో రాత్రి లోపలికి దిగి, పది నిమిషాలు ఒక కొండ మీదుగా పరుగెత్తి, ఎవరినీ చూడకుండానే చచ్చిపోయాను. ఎక్కణ్నుంచి కొట్టారో ఆట చెప్పలేదు. ఇప్పటికీ చెప్పదు.

ఆట సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. దీన్ని చేసింది కెనడాకి చెందిన ఆఫ్‌వరల్డ్ ఇండస్ట్రీస్. 2005లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 2 ఆటకి కొందరు అభిమానులు కలిసి 'ప్రాజెక్ట్ రియాలిటీ' అనే మాడ్, అంటే ఉన్న ఆటనే మార్చి చేసిన ఇంకో రూపం, తయారుచేశారు. ఆ మొక్కకి పుట్టిన పిలకే ఇది. 2015 డిసెంబర్‌లో సగం వండిన రూపంలో అమ్మకానికి పెట్టారు, 2020 సెప్టెంబర్‌లో పూర్తి ఆట వచ్చింది. ఇటు యాభై మంది, అటు యాభై మంది. ఒక్కో జట్టు చిన్న చిన్న దళాలుగా విడిపోతుంది, దళానికి తొమ్మిది మంది దాకా. ఒకడు లీడరు, వాణ్ని ఎస్సెల్ అంటారు. మిగతావాళ్లలో మెడిక్, మెషిన్ గన్ను వాడు, ట్యాంకుల మీద రాకెట్ వేసేవాడు, ఇంజినీరు, మామూలు రైఫిల్ వాడు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, రష్యా, చైనా, తుర్కియే సైన్యాలున్నాయి. మన సైన్యం లేదు. దానికి మొదట్లో కొంచెం బాధపడ్డాను, తర్వాత మర్చిపోయాను.

తెర మధ్యలో గురి చూసుకోవడానికి అడ్డగీత, నిలువుగీత ఉండవు. శత్రువుకి తగిలిందా లేదా అన్నది చెప్పరు. ఎవడు ఎవణ్ని చంపాడో మూలన రాదు. మ్యాప్ కావాలంటే విడిగా తెరుచుకోవాలి, అందులోనూ శత్రువులు వాటంతటవే కనపడరు, మనవాళ్లెవరో చూసి గుర్తు పెడితేనే కనిపిస్తారు. అంటే నీకు తెలిసేదంతా ఎవడో నీకు నోటితో చెప్పిందే.

అక్కడే ఈ ఆట నన్ను పట్టేసింది. మాట్లాడటానికి మూడు దారులున్నాయి. ఒకటి దగ్గర్లో ఉన్న మనవాళ్లకి మాత్రమే వినిపించేది. రెండోది నీ దళానికి. మూడోది లీడర్లు తమలో తాము మాట్లాడుకునేది. ఎస్సెల్ అయితే మూడూ ఒకేసారి చెవిలో పడతాయి. పక్కన ఒకడు "మెడిక్, మెడిక్" అని ఏడుస్తుంటాడు, దళంలో ఒకడు "రాలీ (చచ్చాక మళ్లీ పుట్టే చోటు) ఎక్కడ" అంటాడు, అవతలి దళం లీడరు "మీ ఉత్తరాన ట్యాంకు" అంటాడు. చాలామంది ఈ గోల తట్టుకోలేక ఎస్సెల్ చెయ్యరు. నాకు అలవాటే. మా కౌంటర్ దగ్గర ఒకడు కులం సర్టిఫికెట్ అంటాడు, ఇంకొకాయన ఆధార్ వేలిముద్ర పడట్లేదంటాడు, ఫోన్ మోగుతుంటుంది, ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటుంది. ఎవరిది ముందో తేల్చుకుని మిగతావాళ్లని "రెండు నిమిషాలు" అని ఆపడమే అక్కడ పని, ఇక్కడా అదే పని.

ఇంకోటి దిక్కులు. కొత్తవాడు దెబ్బ తినగానే "ఎడం పక్క, ఎడం పక్క" అని అరుస్తాడు. ఎవడి ఎడమ? తొమ్మిది మంది తొమ్మిది వైపులు చూస్తుంటారు. తెర కింద దిక్సూచి పట్టీ ఉంటుంది, దాంట్లో అంకె చూసి "రెండు వందల పది, చెట్టు కింద, ఇద్దరు" అంటే చాలు, తొమ్మిది తుపాకులూ అటు తిరుగుతాయి. ఇది నేర్చుకోవడానికి తెల్లవాళ్లకి కష్టమవుతుందేమో గానీ మనకెందుకు కష్టం? మా అమ్మ ఇంట్లో ఏ వస్తువునైనా దిక్కులు చెప్పే వెతికిస్తుంది. "తూరుపు గదిలో, ఉత్తరం గోడవార, పెట్టి మీద." ఆవిడకి మైకు ఇస్తే నాకంటే మంచి ఎస్సెల్ అవుతుంది.

అమ్మ సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మొదట్లో నేను హెడ్‌ఫోన్లు లేకుండా స్పీకర్లలో ఆడేవాణ్ని. ఓ రాత్రి తలుపు తీసి, "ఏటిరా, రాత్రేల ఆ కేకలు? ఎవుడు పడిపోయాడు?" అంది.

"నేనేనమ్మా."

"పడిపోయినోడు అంత గట్టిగా అరుత్తాడేటి?"

నవ్వేసి పోతుందనుకున్నాను. పోలేదు, గుమ్మంలోనే నిలబడింది. 2006 మార్చిలో మా జిల్లాలోనే ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో పోలీసు బళ్లు తిరిగేవి. దీపావళి టపాసు పేలినా అమ్మ లేచి కూర్చునేది. నాకది కథ, ఆవిడకి కాదు. మర్నాడే హెడ్‌ఫోన్లు కొన్నాను. అప్పట్నుంచి ఆ ఆటలో తుపాకులు పేలేది నా చెవుల్లోనే. బయటికి వినపడేది నా గొంతొక్కటే, అది కూడా గుసగుసగా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, అంటే లారీ.

ఈ ఆటలో చచ్చినవాడు మళ్లీ పుట్టడానికి ఓ చోటు కావాలి. లీడరు పెట్టే చిన్న మూట లాంటిది రాలీ. శత్రువు దగ్గరికొస్తే అది పోతుంది. గట్టిగా నిలబడేది హాబ్ అనే డేరా లాంటి కట్టడం. హాబ్ కట్టాలంటే ముందు రేడియో పాతాలి, కట్టడానికి సరుకు కావాలి, తూటాలకి వేరే సరుకు కావాలి, అదంతా వెనక ఉన్న మెయిన్ బేస్ నుంచి లారీలో రావాలి. దాన్నే లాజీ అంటారు. అది తెచ్చి, దింపి, అందరూ పారలు పట్టుకుని తవ్వితేనే హాబ్ లేస్తుంది. ముందు వరసలో ఎంత మొనగాడున్నా వెనక లారీ రాకపోతే చేతిలో ఖాళీ తుపాకీ, చస్తే పుట్టడానికి మూడు కిలోమీటర్ల దూరం. మిగతా తుపాకీ ఆటల్లో తూటాలు నేల మీద దొరుకుతాయి, తొక్కితే చాలు. ఇక్కడ ప్రతి తూటా వెనకా ఎవడో ఒకడు స్టీరింగ్ పట్టుకుని వచ్చినవాడు ఉంటాడు. ఈ ఒక్క ఆలోచనకే నేను ఆటకి సగం మార్కులు వేసేస్తాను.

మిగతా సగం అక్కడే తీసేయాలి కూడా. ఎందుకంటే లారీ ఎవడూ తోలడు.

ఆట మొదలయ్యే ముందు రెండు మూడు నిమిషాలు సన్నాహానికి ఇస్తారు. ఆ టైంలో లీడర్ల మైకులో నేను అడిగే మొదటి ప్రశ్న, "లాజీ ఎవరు తీసుకుంటారు?" నిశ్శబ్దం. ఒకడు ట్యాంకు దళం అంటాడు, ఒకడు హెలికాప్టర్ అంటాడు, ఒకడు ఇంకెవరూ చేరకుండా దళానికి తాళం వేసుకుని, ఇంకొకడితో ఇద్దరే కూర్చుంటాడు. మిగతావాళ్లు మైకు లేనివాళ్లు. మైకు లేని లీడరంటే బస్సుకి హారన్ లేనట్టు. ఇంకో రకం వాళ్లున్నారు: నచ్చిన బండి కోసం తామే దళం కట్టి, బండి చేతికి రాగానే లీడరు పదవి పక్కవాడి నెత్తిన పెట్టి జారుకుంటారు. ఆ పక్కవాడు పాపం ఆట కొని వారం రోజులు. తలమీద బాధ్యత పడిందని కూడా తెలియకుండా ఎక్కడో పొదలో పాకుతుంటాడు. ఒక్కోసారి లారీ ఉంటుంది, తోలేవాడూ ఉంటాడు, కానీ వాడు దాన్ని ముందు వరస దాకా తెచ్చి, ఇంజిన్ ఆపకుండా దూకి, తుపాకీ పట్టుకుని పరుగెడతాడు. ఐదు నిమిషాల్లో ఆ లారీ మంటల్లో ఉంటుంది. లారీ పోతే మళ్లీ వచ్చేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, జట్టు టికెట్లు కూడా తగ్గుతాయి. టికెట్లంటే జట్టు ప్రాణం. మనిషి చచ్చినా, బండి పోయినా, రేడియో పోయినా అవి తరుగుతాయి, సున్నా అయితే ఓటమి.

ఇలాంటి రాత్రులు ఐదింట్లో నాలుగు. గంటసేపు కూర్చుని, అందులో నలభై నిమిషాలు ఓడిపోతున్నామని తెలిసీ ఆడటం. ఉదయం ఏడున్నరకి షాపు తియ్యాలి.

మన వైపు వాళ్లకి ఇంకో చిక్కు, గడియారం. మనకి రాత్రి పదకొండంటే సింగపూర్లో ఒంటిగంటన్నర. అక్కడి సర్వర్లో జనం అప్పటికి పడుకుంటారు. నాకు పింగ్ (మన నొక్కు సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) నూరు లోపు వచ్చే సర్వర్లు నేను ఖాళీ అయ్యేసరికి అవీ ఖాళీ. అదే టైంకి జర్మనీలో సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో, ఆఫీసుల నుంచి ఇళ్లకొచ్చిన జనంతో అక్కడి సర్వర్లు కిటకిట. క్యూలో పదిహేనో నంబరు, ఇరవయ్యో నంబరు. లోపలికి దూరితే పింగ్ నూట డెబ్భై, నూట ఎనభై. చేతి వేగం ఆట కాదు కాబట్టి నడిచిపోతుంది. లారీ మాత్రం గుంతల్లో పడ్డట్టు కుదుపులు.

యూరప్ సర్వర్లో ఒకసారి నేను ఎస్సెల్‌గా ఉండగా ఒకడు నా ఇంగ్లీషు యాసని అనుకరిస్తూ, కాల్ సెంటర్ వాడిలా మాట్లాడి నవ్వించాడు. దళంలో ముగ్గురు నవ్వారు, ఇద్దరు వెళ్లిపోయారు. ఏం చెప్పినా మళ్లీ అదే యాసలో నాకే అప్పజెప్పాడు. నేను తెలుగులోకి దిగిపోయి, మిగిలినవాళ్లకి అంకెలు మాత్రం ఇంగ్లీషులో చెప్పాను. "వన్ ఫైవ్ జీరో" అని చెప్పి మిగతాదంతా తెలుగు. విచిత్రంగా ఆట బాగానే సాగింది. ఒక పోలండ్ అతను చివర్లో "నీ భాష పేరేమిటి" అని అడిగాడు. తెలుగు అన్నాను. బాగుంది, వినడానికి పాటలా ఉంది అన్నాడు. వాడుక భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన ఈ మాట విని ఉంటే ఏమనేవారో గానీ, నాకైతే ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

తర్వాత తర్వాత నాకో చిన్న గుంపు కుదిరింది. బరంపురంలో పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడొకడు, ఎప్పుడూ మెడికే. రాయగడలో హైస్కూలు మాస్టారు, మెషిన్ గన్ను. విశాఖ నుంచి ఇద్దరు, కలకత్తా నుంచి ఒకాయన. తెలుగు, ఒడియా, హిందీ, బంగ్లా కలిపి నడుస్తుంది. కంగారొస్తే ఎవరి భాష వాళ్లది. బరంపురం కుర్రాడు తెలుగువాడే, కానీ దెబ్బ తగిలితే ఒడియాలో తిడతాడు. మాస్టారు తగిలినా తగలకపోయినా పాఠం చెప్పినట్టే మాట్లాడతారు: "నేను ఇప్పుడు తూటాలు మార్చుకొనుచున్నాను, దయచేసి ఎవరూ నా ముందుకు రావద్దు." ఆయన అలా మాట్లాడటం సరదాకే. ఆ సరదా కోసమే నలుగురు ఆయన పక్కన పడుకుంటారు.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన పెద్ద మార్పు గురించి ఒక మాట. పదాతి పోరు మొత్తాన్ని తిరగరాశారు. అంతకుముందు ఎంత దూరం పరుగెత్తి వచ్చినా ఆగీ ఆగగానే తుపాకీ సూటిగా నిలబడేది. ఇప్పుడు ఆగితే రొప్పుతాడు, చేతులు ఊగుతాయి, కాసేపు కుదురుకుంటే గానీ గురి పడదు. తలమీదుగా తూటాలు పోతే తెర మసకబారి వణుకుతుంది. పాత ఆటగాళ్లు చాలామంది కోప్పడ్డారు, తాగినవాడి చేతిలో తుపాకీ పెట్టారని. నాకు మాత్రం అప్పుడే ఆట నా వయసుకి దిగి వచ్చినట్టనిపించింది. మా మాస్టారి మెషిన్ గన్నుకి నిజంగా విలువ వచ్చింది. ఆయన కొట్టకపోయినా సరే, ఆయన పేలుస్తుంటే అవతలివాడు తల ఎత్తలేడు, మేం కదలొచ్చు. అయితే తుపాకీ మీది దూరదర్శినిలో బొమ్మని విడిగా గీసే పద్ధతి కూడా అప్పుడే పెట్టారు, దాంతో గురి చూసిన ప్రతిసారీ నా కంప్యూటర్ ఎడ్లబండి అవుతుంది. 2025లో ఆటని అన్‌రియల్ ఇంజిన్ 5కి మార్చారు. చెట్లు ముద్దుగా ఉన్నాయి, నా పాత గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం అవి ఎక్కువైపోయాయి. చెట్లన్నీ తగ్గించుకుని ఆడుతున్నాను. కార్డు మార్చాలంటే షాపులో కొత్త ప్రింటర్ సంగతేంటని నాన్న అడుగుతాడు.

ఇక మా బావ.

బావ పదిహేడేళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. శ్రీనగర్ నుంచి జోజిలా దాటించి, ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్‌కి సరుకు లారీలు తోలాడు. రిటైరై టెక్కలి దగ్గర వాళ్ల ఊళ్లో కొబ్బరి తోట చూసుకుంటున్నాడు. కిందటి చలికాలం అక్కతో వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. రాత్రి నిద్ర పట్టదు ఆయనకి. రెండో రాత్రి నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అరగంట ఏం మాట్లాడలేదు. నేను ఎక్కడ చస్తానో అక్కడ చచ్చి, పుట్టాల్సిన చోట పుట్టి పరుగెడుతున్నాను.

"ఏరా, వీళ్లు నీళ్లు ఎప్పుడు తాగుతారు?" అన్నాడు చివరికి.

తాగరు బావా అన్నాను. తిండి? లేదు. కాపలా వంతు? లేదు. "మరి రోజంతా ఏటి చేత్తారు, పరుగెత్తడమేనా?" నవ్వాడు. నేను కొంచెం ఉడుక్కున్నాను. అప్పుడే మాకు లాజీ అవసరమొచ్చి, ఎవడూ రాక, నేనే బేస్‌కి వెనక్కి వెళ్లి లారీ ఎక్కాను. సరుకు ఎక్కించే పట్టీ తెర మీద చూడగానే బావ కుర్చీ ముందుకి జరిగింది.

"దీంట్లో సరుకు బండి కూడా ఉందేటి?"

ఉంది. కట్టడానికి ఎంత, తూటాలకి ఎంత అని పంచుకుని ఎక్కించుకోవాలని చెప్పాను. అంతా కట్టడం సరుకే ఎక్కిస్తున్నానని చూసి, "తూటాలు వద్దేటి? ఇల్లు కట్టి లోపల కూర్చుంటారా?" అన్నాడు. సగం సగం చేశాను. బయల్దేరాను. ముందు వరసకి కొంచెం దూరంలో గోడ వెనక ఆపి దిగబోతుంటే, "ఆగు, ఆగు. మూతి అటెట్టేవేటి? బండి మూతి ఎప్పుడూ పోయే దారివైపు ఉండాల. ఎవడో కాల్చితే వెనక్కి తిప్పుతావా అప్పుడు?" అన్నాడు.

840 గంటల్లో నాకెవరూ చెప్పని మాట ఇది. నేనూ ఎవరికీ చెప్పలేదు. బండిని తిప్పి, మూతి వచ్చిన దారికి పెట్టి, సరుకు దింపాను.

మర్నాడు రాత్రి బావే కీబోర్డు ముందు కూర్చున్నాడు. నేను పక్కన ఇంకో కుర్చీలో. ఎస్సెల్ పేరు నాది, చేతులు ఆయనవి. మైకు బటన్ నేను వంగి నొక్కాలి, తోలడం ఆయన. ఇద్దరం కలిసి ఒక సిపాయి. మొదటి పావుగంటలోనే లారీని గట్టు మీంచి పొలంలోకి దించేశాడు. "గేరు ఏదిరా దీనికి, ఇంజిన్ బ్రేక్ లేదేటి?" లేదు బావా, ఆ అక్షరం నొక్కితే ముందుకి, ఈ అక్షరం నొక్కితే వెనక్కి, అంతే. "ఇది బండి కాదు, టైపు మిషను," అన్నాడు.

ఆ రాత్రి మ్యాప్ కోహట్ తోయ్. పాకిస్తాన్ వైపు ఎండు కొండలు, మధ్యలో నది, వంతెనలు, మట్టి గోడల ఊళ్లు. వంతెన దగ్గరికి రాగానే బావ ఆగిపోయాడు. ఎందుకాగావన్నాను. "ముందు బండి దాటేదాకా వంతెన మీదకి ఎక్కకూడదు." ముందు బండి లేదు బావా, మనమొక్కళ్లమే అన్నాను. అలవాటు పోదు కదా. ఆ రెండు క్షణాల్లో వంతెన అవతలి కొసన ఓ రాకెట్ వచ్చి నేల తగిలింది. ఎవడో మా కోసం కాచుకుని, మా వేగానికి గురి కట్టి ఉంటాడు. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. బావ ఏమీ అనకుండా వెనక్కి తిప్పి ఇంకో వంతెన వైపు పట్టాడు.

మా ముందు వరస హాబ్ అప్పటికే పోయింది. కొండ వెనక వాలులో కొత్త రేడియో పాతాం, బరంపురం కుర్రాడూ మాస్టారూ పారలు పట్టారు. నాలుగు ట్రిప్పులు తోలాడు బావ. మూడో ట్రిప్పులో శత్రువులు కొండ మీదికి ఎక్కారు, గోడకి తూటాలు తగులుతున్నాయి. లారీ మూతి బయటికే ఉంది. ఎక్కి తొక్కాడు, మెట్టుకి కూడా గీరుకోకుండా బయటపడ్డాం. మాస్టారు మైకులో, "లారీ సురక్షితముగా వెడలిపోయినది, ధన్యవాదములు," అన్నారు. హెడ్‌ఫోన్ ఒక చెవి నాది, ఒక చెవి బావది. బావ నవ్వాడు. "ఈయన మన ఆర్మీలో ఉండాల్సినోడు."

ఓడిపోయాం. పదకొండు టికెట్ల తేడా. గంటా పది నిమిషాల ఆట. స్కోరు పట్టీ వచ్చింది. నా పేరు ఎదురుగా చంపింది సున్నా, చచ్చింది ఒక్కసారి.

"మనం ఎంతమందిని కొట్టేం?" బావ అడిగాడు.

"ఎవర్నీ లేదు."

"మంచిదే," అని లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు.

బావ ఊరెళ్లిపోయాక నేను గుంపులో ఆ నియమం పెట్టాను: ఎవరు తోలినా లారీ మూతి బయటికే. విశాఖ కుర్రాళ్లు రెండ్రోజులు పాటించారు. కొత్తగా చేరినవాళ్లకి చెప్తే "అవునా" అంటారు, గోడకి మూతి ఆనించి దిగి పరుగెడతారు. మొన్న బుధవారం ఒకే ఆటలో మూడు లారీలు కాల్చుకున్నాం. నిన్న కొత్త అప్‌డేట్ వచ్చింది, ముప్పై జీబీ. ఇది రాస్తుంటే సగం దిగింది, కరెంటు ఇంకా ఉంది.

పొద్దున్న బావ ఫోన్ చేశాడు. అక్కకి మోకాళ్ల నొప్పులు, కొబ్బరికాయ ధర, అమ్మ బీపీ మాత్రలు, అన్నీ అయ్యాక పెట్టేస్తాడనుకుంటే ఆగి, "ఏరా, ఆ బండి మూతి బయటికే పెడుతున్నారా?" అన్నాడు.

"పెట్టట్లేదు బావా."

"పెట్టరు," అన్నాడు.